పని మధ్యలో మారితే: అదనపు డబ్బు అడగాలా, గడువు అడగాలా?

పరకాల దగ్గర ఒక ప్రభుత్వ కల్వర్టు కాంట్రాక్టు పని. ఎస్టిమేట్‌లో పునాది లోతు మీటరున్నర. తవ్వుతుంటే ఎంతకీ నల్లరేగడే. రెండున్నర మీటర్ల దాకా పోతే గానీ గట్టి నేల తగల్లేదు. సైట్‌కు వచ్చిన ఇంజినీరు గారు చూసి, "ముందుగాల కాంక్రీటు పోసెయ్యండి, వాన పడితే గుంత నిండుతది. కాగితం సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. ఆ మాటలో చెడు ఉద్దేశం ఏమీ లేదు. పని చేస్తున్నది మా బావ. పోసేశాడు. నాలుగు నెలలకు ఆ ఇంజినీరు గారికి బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయన ఎస్టిమేట్‌లో ఉన్న లోతునే ఎంబీలో (కొలతల పుస్తకంలో) ఎక్కించారు. ఈలోగా అగ్రిమెంటు గడువు దాటింది. పెనాల్టీ పడకూడదని గడువు పెంచమని దరఖాస్తు పెడితే, దానితో పాటు "అదనంగా ఏ మొత్తమూ అడగను" అని ముందే టైపు చేసి ఉంచిన కాగితం మీద సంతకం తీసుకున్నారు. గడువు వచ్చింది. 3 లక్షల 80 వేల రూపాయల పని మాత్రం లెక్కలోకి రాకుండా పోయింది.

నేను హనుమకొండలో చిన్న కాంట్రాక్టర్లకు బిల్లులు, ఉత్తరాలు, ఫైళ్లు చూసి పెడతాను. నష్టపోయిన ఫైళ్లలో ఎక్కువ వాటికి కారణం ఒకటే. డబ్బు, గడువు రెండూ ఒకే కోరిక అనుకుని ఒకే ఉత్తరంలో కలిపి రాయడం, లేదా గడువు వస్తే చాలనుకుని డబ్బు సంగతి వదిలేయడం. ఈ రెండింటికీ అగ్రిమెంటులో వేర్వేరు క్లాజులు ఉంటాయి, చూపాల్సిన రుజువులు వేరు, చాలాసార్లు మంజూరు చేసే అధికారి కూడా వేరు. అందుకే ఏది ఎప్పుడు అడగాలో, ఏది అడిగితే ఏది పోతుందో పోల్చి చెబుతున్నాను.

ముందు ఒక ప్రశ్న తేల్చుకోండి. మీ పనిలో మారింది ఏమిటి? పని పరిమాణమా, పనికి దొరికిన రోజులా, సామాను ధరా? చాలాసార్లు మూడూ కలిసే వస్తాయి. అయినా కాగితం మీద విడదీయాలి.

పని పెరిగినా, ఐటెం మారినా

లోతు పెరగడం, మెత్తటి మట్టి అనుకున్నచోట రాయి తగలడం, పైపు సైజు మార్చడం, రోడ్డు అలైన్‌మెంట్ పక్కకు జరపడం, ఇవన్నీ ఈ రకం. ఇక్కడ మీరు అడగాల్సింది అదనపు పరిమాణానికి, సప్లిమెంటరీ ఐటెంకు (అగ్రిమెంటులో లేని కొత్త పనికి) మంజూరు. నా లెక్కలో అన్ని దారుల్లోకి ఇదే మేలైనది. ఇందులో ఎవరి తప్పు అనే వాదన రాదు. పని జరిగింది, కొలత ఉంది, రేటు ఉంది, అంతే. ఫైలు రాసే అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) గారికి కూడా ఇది రాయడం తేలిక.

రేటు ఎలా కడతారో ముందే తెలుసుకోండి. అగ్రిమెంటులో ఉన్న ఐటెమే పెరిగితే సాధారణంగా అదే రేటు. అందులో లేని కొత్త ఐటెం అయితే ఎస్టిమేట్ మంజూరైనప్పటి ఎస్ఎస్ఆర్ (ప్రభుత్వ ప్రామాణిక రేట్ల పట్టిక) రేటు తీసుకుని, మీ టెండరు శాతాన్ని దానికీ వర్తింపజేయడం మన దగ్గర మామూలు పద్ధతి. ఎస్టిమేట్ కంటే 14 శాతం తక్కువకు, అంటే లెస్‌కు టెండరు వేసి ఉంటే, ఎస్ఎస్ఆర్‌లో ఘనపు మీటరుకు 600 ఉన్న కొత్త ఐటెం మీకు 516కే వస్తుంది. టెండరు వేసేటప్పుడు తెలిసిన పనికి లెస్ వేశాం, ఇప్పుడు తెలియని రాతికి కూడా అదే లెస్ అంటే బాధగానే ఉంటుంది. కానీ అగ్రిమెంటులో అలా ఉంటే దానిమీద పోట్లాడి ఆరు నెలలు పోగొట్టుకోవద్దు. మీ ఓపికంతా కొలత సరిగ్గా ఎక్కించుకోవడం మీద పెట్టండి. ఎక్కువ డబ్బు పోయేది అక్కడే.

కొలత విషయంలో ఒక్క రోజు ఆలస్యం చేసినా కష్టం. పునాది పూడ్చాక ఎంత లోతు తవ్వారో ఎవరూ చూడలేరు. రాయి పగలగొట్టాక అది గట్టి రాయా, మెత్తటి రాయా అని తేల్చడానికి ఏమీ మిగలదు. తవ్వకముందు లెవెల్స్, తవ్వాక లెవెల్స్, నేల రకం, వీటి మీద ఏఈ గారి సంతకం, టేపు పెట్టి తేదీ, స్థలం పడేలా తీసిన ఫోటోలు కావాలి. సైట్ ఆర్డర్ బుక్‌లో ఒక్క వాక్యం రాయించుకున్నా చాలు. రాయడానికి ఆయన వెనకాడితే అదే సాయంత్రం మీరే ఉత్తరం రాయండి. "ఈ రోజు తమరు సైట్‌కు వచ్చి, గట్టి నేల తగలనందున పునాది 2.5 మీటర్ల వరకు దించమని చెప్పారు. ఆ ప్రకారం రేపు కాంక్రీటు వేస్తున్నాము. కొలతలు తీసుకోగలరు" అని రాసి, ఆఫీసు ఇన్‌వర్డ్‌లో (వచ్చే కాగితాలు తీసుకునే చోట) ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఇందులో ఎవరినీ తప్పుపట్టడం లేదు కాబట్టి మనసులు చెడవు. మా బావ ఈ మూడు వాక్యాలు రాసి ఉంటే ఆ డబ్బు వచ్చేది.

నోటి మాట మీదే పని చేసేసి ఉంటే? దారి పూర్తిగా మూసుకుపోలేదు. ఉచితంగా చేయాలన్న ఉద్దేశం లేకుండా చేసిన పనిని అవతలివాళ్లు తీసుకుని లాభం పొందితే, దానికి తగిన ప్రతిఫలం ఇవ్వాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ చెబుతుంది. పద్ధతి ప్రకారం ఒప్పందం లేకుండా ప్రభుత్వానికి చేసిన పనికి ఈ సెక్షన్ కింద డబ్బు రావచ్చని పశ్చిమ బెంగాల్ ప్రభుత్వానికీ బీకే మండల్ సంస్థకూ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు 1961లో తేల్చింది. అయితే అది కోర్టు దాకా వెళ్లే దారి. ఒక ఉత్తరంతో అయ్యే పనికి ఏళ్లు పడుతుంది.

ధర పెరిగితే

ఇక్కడ మొట్టమొదట చూడాల్సింది మీ అగ్రిమెంటులో ధర సర్దుబాటు క్లాజు ఉందా, లేదా అని. చిన్న పనుల్లో, తక్కువ గడువు పనుల్లో చాలాసార్లు ఉండదు. లేనప్పుడు "స్టీలు ధర పెరిగింది, నష్టం వస్తోంది" అని ఎన్ని ఉత్తరాలు రాసినా లాభం లేదు. ఖర్చు అనుకోకుండా పెరిగినంత మాత్రాన ఒప్పందంలోని రేటు మారదని అలోపీ పర్షాద్ కేసులో సుప్రీంకోర్టు 1960లోనే చెప్పింది. అది రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైన్యానికి నెయ్యి సమకూర్చిన ఒప్పందం. యుద్ధం వచ్చినా రేటు పెరగలేదంటే, మనకు సిమెంటు బస్తా మీద 40 రూపాయలు పెరిగిందంటే ఎవరు వింటారు?

క్లాజు ఉంటే మాత్రం వదలొద్దు. కొన్ని ఒప్పందాల్లో సిమెంటు, స్టీలు, తారు, డీజిల్ లాంటి వాటికే విడిగా సర్దుబాటు ఉంటుంది. కొన్నింటిలో ధరల సూచీల మీద ఫార్ములా ఉంటుంది. ఉదాహరణకు, మూడు నెలల్లో మీరు కోటి రూపాయల పని చేశారు, ఒప్పందం ప్రకారం అందులో సిమెంటు వాటా 20 శాతం, సిమెంటు సూచీ బేస్ నెల (పోలికకు తీసుకునే మొదటి నెల) కంటే 10 శాతం పెరిగింది, ఫార్ములాలో 0.85 గుణకం ఉంది అనుకుందాం. కోటిని 0.85తో, 0.20తో, 0.10తో గుణిస్తే లక్షా 70 వేలు. మీరు సిమెంటు ఎంతకు కొన్నారన్నది ఈ లెక్కలో ఎక్కడా రాదు. అదే ఇన్‌వాయిస్ పద్ధతి అయితే ప్రతి బిల్లూ, ఈ-వే బిల్లూ దాచాలి. మీది ఏ పద్ధతో తెలియకుండా బిల్లులు పారేస్తే తర్వాత ఏడ్చినా రావు. సూచీ పడిపోతే అదే ఫార్ములా మీ బిల్లులోంచి కోస్తుందని కూడా గుర్తుంచుకోండి.

పన్ను మార్పును దీనితో కలపవద్దు. రాష్ట్ర ప్రభుత్వానికి చేసే చాలా వర్క్స్ కాంట్రాక్టుల మీద జీఎస్టీ 2022 జూలై 18 నుంచి 12 శాతం నుంచి 18కి పెరిగింది. 40 లక్షల పనికి ఆ తేడా 2 లక్షల 40 వేలు. ధర సర్దుబాటు క్లాజు లేని అగ్రిమెంటులో కూడా పన్ను మార్పు మీద విడిగా క్లాజు ఉండొచ్చు. టెండరు రేటు జీఎస్టీ కలిపి అడిగారా, విడిగా అడిగారా అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. ఎదురు దిశలో కూడా ఆలోచించాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత పన్నుతో కట్టిన రేటైతే ఆ తేడా కోస్తామని డిపార్ట్‌మెంట్ అడగొచ్చు. దానికి సిద్ధంగా ఉండండి.

గడువు పోతే

గడువు పెంపు వల్ల మీ చేతికి డబ్బు రాదు, పెనాల్టీ ఆగుతుంది. చాలామంది దీన్ని తక్కువగా చూస్తారు, లేదా దీనికోసం అన్నీ వదులుకుంటారు. రెండూ సరికాదు.

ఏ కారణం నిలుస్తుంది? సైట్ అప్పగించడంలో ఆలస్యం, డ్రాయింగ్ ఇవ్వకపోవడం, కరెంటు స్తంభాలు, నీటి పైపులైను జరపకపోవడం, ములుగు, భూపాలపల్లి వైపు అటవీ అనుమతి రాకపోవడం, ఇవి బలమైనవి. కాకతీయ కాలువ మీద లైనింగో, తూము మరమ్మతో చేసేవాళ్లకు ఇంకోటి ఉంది. నీళ్లు ఆపిన రోజుల్లోనే ఆ పని సాగుతుంది. పంటల కోసం మధ్యలో నీళ్లు వదిలితే పని ఆగిపోతుంది, మళ్లీ నీళ్లు ఆపేదాకా ఎదురుచూడాలి. పది రోజుల నీటి విడుదల వల్ల మీకు ఒక సీజనే పోవచ్చు. దరఖాస్తులో "పది రోజులు" అని రాయకుండా, తర్వాత నీళ్లు ఆపే తేదీ దాకా ఎందుకు కావాలో చూపించాలి.

వాన సంగతి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వాన పడుతుందని టెండరు వేసినప్పుడే తెలుసు కదా అంటారు, నిజమే. మామూలు వానకు గడువు రావడం కష్టం. అసాధారణమైన వాన వేరు. 2023 జూలై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు పడింది, మోరంచపల్లి ఊరంతా మునిగింది. అలాంటప్పుడు మీ మండలం వర్షపాత లెక్క తీసి జత చేయండి. "భారీ వర్షాలు" అని ఊరికే రాస్తే చదివేవాళ్లకు ఏమీ తెలియదు. వాన ఆగాక సైట్ ఎండడానికి ఎన్ని రోజులు పట్టిందో కూడా రాయండి. నల్లరేగడిలో టిప్పర్ దిగడానికి వారం పైనే పడుతుంది.

ఎన్నికల కోడ్‌ను కారణంగా చూపేవాళ్లు చాలామంది. 2023 అక్టోబర్ 9న అసెంబ్లీ షెడ్యూలు రాగానే పనులు ఆగిపోయాయని రాసిన దరఖాస్తులు నా దగ్గరకే వచ్చాయి. అప్పటికే నేల మీద మొదలైన పనులకు కోడ్ అడ్డు కాదు. మొదలుకాని కొత్త పనులే ఆగుతాయి. కాబట్టి నడుస్తున్న పనికి ఈ కారణం రాస్తే మిగతా మంచి కారణాల మీద కూడా నమ్మకం పోతుంది.

ఇక గడువు అడగడానికే అర్థం లేని పనులు కొన్ని ఉన్నాయి. మేడారం జాతర పనులు అలాంటివి. 2024లో జాతర ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగింది. 25న పూర్తయ్యే స్నానఘట్టం ఎవరికి కావాలి? జంపన్నవాగు దగ్గర పని మధ్యలో డిజైన్ మారిస్తే, మీరు అడగాల్సింది రోజులు కాదు. రాత్రి షిఫ్టుకు, అదనపు మిషన్లకు, దూరం నుంచి తెచ్చే కంకరకు అయ్యే తేడా. అది కూడా పని మొదలుపెట్టకముందే, అంకెతో. జాతర అయ్యాక ఆ ఫైలును తెరిచే తీరిక ఎవరికీ ఉండదు.

ఈ రెండూ ముడిపడే చోటు

అన్నింటికంటే శ్రద్ధగా చదవాల్సింది ఇది. చాలా ఒప్పందాల్లో ధర సర్దుబాటు అసలు గడువుకూ, డిపార్ట్‌మెంట్ కారణంగా పెరిగిన గడువుకూ వర్తిస్తుంది. కాంట్రాక్టర్ కారణంగా పెరిగిన కాలానికి వర్తించదు, లేదా పాత సూచీ దగ్గరే ఆగిపోతుంది. అంటే గడువు పెంపు ఉత్తర్వులో కారణం ఎవరిదని రాశారన్న ఒక్క మాట మీద తర్వాతి బిల్లులన్నీ ఆధారపడతాయి. "పెనాల్టీ లేకుండా ఇచ్చారు కదా, ఇంకేం కావాలి" అని సంతోషపడి ఉత్తర్వు చదవని వాళ్లున్నారు. చదవండి. కారణం తప్పుగా రాస్తే ఆ వారంలోనే సవరించమని రాయండి.

కాంట్రాక్టు చట్టం 55వ సెక్షన్‌లో చివరి పేరా కూడా ఇక్కడ పనికొస్తుంది. ఒప్పుకున్న సమయానికి అవతలివాళ్లు తమ బాధ్యత నెరవేర్చనప్పుడు, ఆలస్యంగా చేసినదాన్ని మీరు అంగీకరిస్తే, అంగీకరించే సమయంలోనే నష్టపరిహారం అడుగుతానని నోటీసు ఇచ్చి ఉండాలి. లేకపోతే ఆ ఆలస్యానికి పరిహారం అడగలేరు. మార్చిలో ఇవ్వాల్సిన సైట్ ఆగస్టులో ఇచ్చారు, మీరు మాట్లాడకుండా తీసుకుని పని మొదలుపెట్టారు అనుకోండి, తర్వాత చేతులు కట్టేసినట్టే. సైట్ తీసుకునే రోజునే ఒక వాక్యం చాలు: "సైట్ ఐదు నెలలు ఆలస్యంగా అందింది. దీనివల్ల కలిగే అదనపు ఖర్చు అడిగే హక్కు ఉంచుకుని పని మొదలుపెడుతున్నాము."

మరి "అదనంగా ఏమీ అడగను" అన్న కాగితం ముందుకు వస్తే? అక్కడ ఒక లెక్క వేసుకోవాలి. మీకు రావాల్సిన అదనం పడబోయే పెనాల్టీ కంటే తక్కువైతే, గడువు తీసుకుని ముందుకెళ్లడమే మంచిది. అందులో సిగ్గుపడాల్సింది లేదు. అదనం పెద్దదైతే సంతకం పెట్టకండి. "గడువు పెంపు కోరుతున్నాము, ధర సర్దుబాటు, అదనపు పనుల మొత్తం విడిగా పరిశీలించగలరు" అని మీ మాటల్లో రాసి ఇవ్వండి. ఫైలు కొంచెం ఆగొచ్చు, టెన్షన్ ఉంటుంది. రన్నింగ్ బిల్లు (పని నడుస్తుండగా వచ్చే బిల్లు) ఆపుతామన్న మాట కూడా వినిపించొచ్చు. గత్యంతరం లేక సంతకం పెట్టాల్సి వస్తే, ఏ పరిస్థితిలో పెట్టారో అదే రోజు లేదా మర్నాడు ఉత్తరంలో రాసి పంపండి. బలవంతం మీద తీసుకున్న "ఫుల్ అండ్ ఫైనల్" (ఇక రావాల్సిందేమీ లేదు అన్న) కాగితం వివాదాన్ని దానంతటదే ముగించదని 2008లో బోఘారా పాలీఫ్యాబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ బలవంతం జరిగిందని చూపాల్సింది మీరే. రెండేళ్ల తర్వాత గుర్తొచ్చిన బలవంతాన్ని ఎవరూ నమ్మరు.

ఏ పనికి ఏది

ఆరు నెలల లోపు పని, ధరలు రెండు మూడు శాతం పెరిగాయి, సైట్ ఆలస్యమైంది అంటే గడువు మాత్రమే అడగండి. ఏడాది దాటే పని, క్లాజు ఉంది, ఆలస్యం డిపార్ట్‌మెంట్‌ది అంటే గడువు, ధర రెండూ అడగండి, కానీ రెండు వేర్వేరు ఉత్తరాల్లో. మొదట గడువు ఉత్తరం వెళ్లాలి, ఎందుకంటే రెండోదానికి అదే ఆధారం. పని పరిమాణం పెరిగితే సప్లిమెంటరీ ఐటెం అడుగుతూ, ఆ అదనపు పనికి పట్టే రోజులు కూడా అదే ప్రతిపాదనలో చేర్చమనండి. అదనపు పని మంజూరై, అదనపు రోజులు మంజూరు కాక పెనాల్టీ కట్టిన వాళ్లను చూశాను.

సైట్ ఏడాదైనా రాకపోతే పని వదిలేయడం గురించి కూడా ఆలోచించాలి. చేసిన పనికి కొలత తీయించుకుని, పెనాల్టీ లేకుండా ప్రీ-క్లోజర్ (ఒప్పందాన్ని మధ్యలోనే ముగించడం) అడిగి, డిపాజిట్ వెనక్కు తెచ్చుకోవడం కొన్నిసార్లు అన్నింటికంటే చౌక.

ఒప్పుకోకపోతే

ముందు సూపరింటెండింగ్ ఇంజినీరు (ఎస్ఈ) గారికి, తర్వాత చీఫ్ ఇంజినీరు (సీఈ) గారికి రాతపూర్వకంగా అప్పీలు. ఆపైన ఎక్కడికన్నది అగ్రిమెంటులోని వివాదాల క్లాజు చెబుతుంది. మన రాష్ట్ర శాఖల పాత నమూనా ఒప్పందాల్లో 50,000 రూపాయల లోపు క్లెయిములే ఆర్బిట్రేషన్‌కు (కోర్టు బయట తీర్పరి ముందుకు) వెళ్తాయి, అంతకు మించినవి సివిల్ కోర్టుకు. "ఆర్బిట్రేషన్ వేద్దాం" అని ఎవరైనా అంటే ముందు ఆ క్లాజు చూడండి.

ప్రభుత్వం మీద దావా వేయాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. నిర్మాణ ఒప్పందాల తగాదా విలువ 3 లక్షలు, అంతకు మించి ఉంటే కమర్షియల్ కోర్టుల చట్టం కిందికి వస్తుంది. అత్యవసర ఉత్తర్వు అడగనప్పుడు దావాకు ముందు మధ్యవర్తిత్వానికి (మీడియేషన్‌కు) వెళ్లడం అందులో తప్పనిసరి. లాయరు ఫీజు, కోర్టు ఫీజు, తిరిగే రోజులు లెక్కేసుకుంటే, ఐదారు లక్షల లోపు క్లెయిముకు కోర్టు దారి పట్టమని నేను ఎవరికీ చెప్పను. ఆ శ్రమలో పావు వంతు పని జరుగుతున్నప్పుడే కాగితాల మీద పెట్టమంటాను.

కోర్టుకే వెళ్లాలనుకుంటే తేదీ మరవకండి. ఇలాంటి క్లెయిములకు మామూలుగా కాలపరిమితి మూడేళ్లు. ఆఫీసుకు మీరు రాసే రిమైండర్లతో ఆ మూడేళ్లు పెరగవు. "పరిశీలనలో ఉంది" అని నోటితో చెప్పిన మాటతోనూ పెరగవు. ఫైనల్ బిల్లు మీద సంతకం చేసేటప్పుడు రాని మొత్తాలు ఏవేవో పక్కనే రాసి, "వీటికి లోబడి" అని చేర్చి సంతకం చేయండి. ఆ బిల్లు కాపీ, తేదీ కనబడేలా, ఫైలు మొదటి పేజీగా పెట్టుకోండి.